పేగు జబ్బు తోబుట్టువులను తీసుకుపోయిన ఇంటి నుండి...
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నా మనసు సహజంగానే ఒక శాస్త్రవేత్త వైపు మొగ్గింది. ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా, నెలవారీ సమావేశాల్లో మనవాళ్లు మాట్లాడుకునే మాటలు గుర్తుకు వచ్చాయి. బి.పి. గురించి, షుగర్ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి గంటల తరబడి చెప్పుకుంటాం. కడుపు జబ్బుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిస్తాం. విరేచనంలో రక్తం పడుతోందని భార్యకు కూడా చెప్పని పెద్దమనుషులు మనలో ఉన్నారు. మొలలే కదా అని నాటుమందు వేసుకుని ఏళ్లు గడిపేవారూ ఉన్నారు.

అందుచేత, పేగు జబ్బు వల్ల అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ అదే జబ్బుతో మృత్యుముఖం దాకా వెళ్లి, దాని గుట్టు విప్పే పనికి జీవితంలో పెద్ద భాగాన్ని ధారపోసిన తెలుగు బిడ్డ కథ చెప్పడమే ఈ సంచికకు తగినదని అనుకున్నాను. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. మనలాంటి ఉద్యోగుల కుటుంబమే. పిల్లలు ఎక్కువ, జీతం తక్కువ.

బాలుడైన సుబ్బారావుకు మొదట్లో చదువు మీద శ్రద్ధ లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఒక బంధువుల పిల్లవాడితో కలిసి ఇల్లు విడిచి బయలుదేరాడట. తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. వెంకమ్మ గారు తన నగలు అమ్మి ఆయనను చదివించారు. పరీక్ష తప్పిన మనవడిని చూసి ఇక వీడింతే అనుకునే తాతయ్యలు, అమ్మమ్మలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయుడికి అది నచ్చలేదు. ఫలితంగా, రాత పరీక్షల్లో రాణించినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం రాలేదు.

ఇంటిని కమ్మిన జబ్బు

ఆ రోజుల్లోనే ఆయన కుటుంబం మీద పిడుగు పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ కొద్దిరోజుల తేడాతో కన్నుమూశారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే పేగు జబ్బు. ఉష్ణదేశాల్లో కనిపించేది కనుక ట్రాపికల్ స్ప్రూ అంటారు. మన ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పే వ్యాధి లక్షణాలకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

మన చిన్న పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద ఉండే నూలు పోగుల మాదిరి సన్నని మొలకలు లక్షల సంఖ్యలో ఉంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని అవి పీల్చి రక్తంలోకి పంపుతాయి. స్ప్రూ వచ్చినప్పుడు ఆ మొలకలు అరిగి చదునవుతాయి. అప్పుడు ఎంత మంచి భోజనం పెట్టినా ఒంటికి పట్టదు. కొవ్వు జీర్ణం కాక తెల్లగా, నురగగా, దుర్వాసనతో విరేచనాలు అవుతాయి. నాలుక పూస్తుంది. మనిషి ఎముకల గూడు అవుతాడు. రక్తం పలుచబడి పాలిపోతాడు. ఇంటినిండా ధాన్యం ఉన్నా రోగి ఆకలితో చనిపోయినట్లే లెక్క.

తోబుట్టువులు పోయిన దుఃఖం తీరకముందే సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు సోకింది. ఆంగ్ల వైద్యం పని చేయలేదు. అప్పుడు మద్రాసులో ప్రసిద్ధులైన ఆయుర్వేద పండితులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు చికిత్స చేసి ఆయనను నిలబెట్టారు. లక్ష్మీపతి గారు ఆంగ్ల వైద్యమూ చదివి, ఆయుర్వేదమూ అభ్యసించినవారు. కోలుకున్న తరువాత సుబ్బారావు గారు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

తమ్ముడు పోయినా అన్న పోయినా మనం కర్మ అనుకుని సర్దుకుంటాం. ఆయన సర్దుకోలేదు. ఈ జబ్బులో పేగు లోపల ఏమి జరుగుతోంది, ఒంటికి ఏ పదార్థం లోపిస్తోంది అన్న ప్రశ్న ఆయన వెంట పడింది. దానికి జవాబు దొరకాలంటే పరిశోధన కావాలి. పరిశోధన కావాలంటే విదేశం వెళ్లాలి.

బోస్టన్‌లో రాత్రి కూలీ

1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సహాయంతోను, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి చేయూతతోను ఓడ ఎక్కి 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య అప్పటికి గర్భవతి. తరువాత కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే జబ్బు చేసి ఆ పసివాడు పోయాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. మరికొన్నాళ్లలో తిరిగి వస్తానని అనుకున్న మనిషి మళ్లీ స్వదేశం రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఒక గొప్ప పరిశోధన వెనుక ఇంట్లో మిగిలిపోయిన వారి త్యాగం కూడా ఉంటుందని చెప్పడానికి ఈ మాట రాశాను.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఆయన చేరారు. ఆయనకున్న మద్రాసు పట్టాతో అక్కడ డాక్టరు ఉద్యోగం ఇవ్వరు. అందువల్ల ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని. పేగు జబ్బుల మీద పరిశోధనకు వచ్చిన వైద్యుడు రోగుల మలపాత్రలు కడుగుతూ చదువుకున్నాడు. కడుపు జబ్బుల మాట ఎత్తడానికే సిగ్గుపడే మనం ఆ దృశ్యాన్ని ఒక్కసారి తలచుకోవాలి.

తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. 1925లో వీరిద్దరూ రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దాన్ని ప్రపంచమంతటా విద్యార్థులు నేర్చుకున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాలను కండరాల నుండి వేరు చేశారు. మనం చేయి ఎత్తినా, అడుగు వేసినా కండరానికి కావలసిన శక్తి ఎ.టి.పి. నుండే వస్తుంది. పదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా భీమవరం పేరు కూడా చెప్పేవాణ్ణి. పిల్లల కళ్లు మెరిసేవి.

1930లో పిహెచ్.డి. పట్టా వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించలేదు. పదోన్నతి రాక నొచ్చుకున్న ఉద్యోగులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆయన నొచ్చుకున్నారో లేదో కాని పని మాత్రం ఆపలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని లెడర్లీ అనే మందుల సంస్థలో చేరి కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

జవాబు దొరికింది

స్ప్రూ రోగులకు, గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనతకు మూలం మన దేశంలోనే కొంత బయటపడింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులను పరీక్షించి, ఈస్ట్ సారం తినిపిస్తే వారి రక్తం బాగుపడుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఏదో పోషకం ఉందని తేలింది. అదేమిటో తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ పాలకూర నుండి ఇలాంటి పదార్థాన్నే కొద్దిగా తీసి, ఆకు నుండి వచ్చింది గనుక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

టన్నుల ఆకుకూర నుండి చిటికెడు వస్తే రోగులకు ఏమి పంచగలం? సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందం దాని నిర్మాణం కనిపెట్టి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసింది. వెంటనే క్యూబా మొదలైన దేశాల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పూత తగ్గింది. ఆకలి పుట్టింది. రక్తం పట్టింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు పైగా గడిచాక ఆ ఇంటి ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. టెట్రాసైక్లిన్ మందుల వంశంలో అది మొట్టమొదటిది. 1948లో లోకానికి తెలిసింది. డుగ్గర్ గారు అప్పటికే విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి లెడర్లీకి వచ్చినవారు. మనకు ఉత్సాహం కలిగించే సంగతి ఇది.

నేటికీ ట్రాపికల్ స్ప్రూకు వైద్యులు రాసే మందులు ముఖ్యంగా రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్ వర్గపు మందు. ఆ రెంటికీ మూలం సుబ్బారావు గారు నడిపిన ప్రయోగశాలే. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా అక్కడి నుండే వచ్చింది.

ఫోలిక్ ఆమ్లం నుండి క్యాన్సర్ మందు వరకు

కణం రెండుగా చీలి పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణాలు అదుపు తప్పి చీలుతూ ఉంటాయి. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, దాని పనిని అడ్డగించే పదార్థం తయారు చేస్తే క్యాన్సర్ కణం ఆగిపోదా? ఈ ఆలోచన మీద సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ సోకిన చిన్నపిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రచురించారు. క్యాన్సర్‌ను మందులతో లొంగదీయవచ్చనే ఆశకు అది గట్టి పునాది.

పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ముఖ్యమైన మందు 5-ఫ్లోరోయురాసిల్. దాన్ని 1957లో హైడెల్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించారు. ఇది సుబ్బారావు గారిది కాదు. అయితే ఆ మందు గట్టిగా పని చేయడానికి దానితో జోడించి ఎక్కించే ల్యూకోవోరిన్ అనేది ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమే. ఈనాడు పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక సూదిమందు ఎక్కించుకుంటున్న ఎంతోమంది శరీరంలో ఆ ఫోలిక్ ఆమ్లపు వంశం పని చేస్తూనే ఉంది. క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులో, కీళ్లవాతంలో మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు.

ఈ ఫలాలు చాలావరకు ఆయన చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. తన పేరు ముందుకు తోసుకునే అలవాటు లేనివారు. పత్రికల ముందుకు సహచరులనే పంపేవారు. నోబెల్ బహుమతి రాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే వెళ్లిపోయారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ల విడుదల చేసింది.

మన ప్రాంతంలో ఆయన

భీమవరం మనకు దూరమే. అయినా గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, దోర్నాల, యర్రగొండపాలెం, ఏ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా గర్భిణులకు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల రూపంలో ఆయన ఉన్నారు. మన దేశంలో 1970 నుండి ఈ మాత్రల పంపిణీ కార్యక్రమం నడుస్తోంది. పలకల గనుల్లో కూలికి వెళ్లే తల్లి మింగే ఆ చిన్న మాత్ర వెనుక, స్ప్రూతో పోయిన ఇద్దరు యువకుల కథ ఉంది.

సభ్యులకు నాలుగు మాటలు

సుబ్బారావు గారి కాలంలో జబ్బు పేరు తెలిసినా మందు లేదు. మనకు మందు ఉంది, పరీక్ష ఉంది. లేనిది నోరు విప్పే ధైర్యం. అందుకే వైద్యులను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువ భాగం పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీ అనే గొట్టపు పరీక్షలో కనిపిస్తే అక్కడికక్కడే తీసివేయవచ్చు. మొదటి దశలో బయటపడిన క్యాన్సర్‌ను ఆపరేషన్‌తో చాలామందిలో నయం చేయగలుగుతున్నారు. కాలేయానికి పాకిన తరువాత చికిత్స కష్టమవుతుంది.

రెండు. విరేచనంలో రక్తం, కొన్ని వారాలుగా మలబద్ధకమో విరేచనాలో కొత్తగా మొదలు కావడం, విరేచనం అయినా కాలేదన్న భావన, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా వైద్యునికి చెప్పాలి. మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాదని ఏమీ లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా మొలలని తీర్మానించుకోకూడదు.

మూడు. పెద్దవయసులో రక్తం తగ్గితే టానిక్ తాగి ఊరుకోరాదు. పెద్దపేగు కుడివైపు క్యాన్సర్ కొన్నిసార్లు కంటికి కనిపించని రక్తస్రావంతో, ఒట్టి నీరసంగా మాత్రమే తెలుస్తుంది. మలంలో కనబడని రక్తాన్ని పట్టే సులభమైన పరీక్ష ఉంది. మన జాతీయ తనిఖీ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లే ఉన్నాయి. పెద్దపేగు లేదు. కాబట్టి మనమే అడిగి చేయించుకోవాలి. ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి.

నాలుగు. ఫోలిక్ ఆమ్లం మంచిదని సొంతంగా మింగవద్దు. బి-12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్లు కనిపించి, లోపల నరాలు దెబ్బతినవచ్చు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి-12 తగ్గే అవకాశం ఉంది. పేగు క్యాన్సర్‌కు మందులు ఎక్కించుకుంటున్నవారు వైద్యుని అడగకుండా ఈ మాత్ర వేసుకుంటే దుష్ఫలితాలు పెరగవచ్చు.

పరీక్షకు ఒంగోలో, గుంటూరో, కర్నూలో పోవాలంటే మనకు ఒక రోజు పని. బస్సు ప్రయాణం, తోడు మనిషి, ముందురోజు పేగు శుభ్రం కావడానికి తాగే మందు, అన్నీ ఇబ్బందే. ఒంటరిగా ఉన్న సభ్యులకు తోడు వెళ్లడానికి మన సంఘంలో ఓపిక ఉన్నవారు ముందుకు రావాలని కోరుతున్నాను. నా మట్టుకు నేను సిద్ధం.

వైద్యుని దగ్గర, వకీలు దగ్గర నిజం దాచరాదని పెద్దలు అన్నారు. తోబుట్టువుల చావుకు కారణమైన జబ్బును కప్పిపుచ్చక, దానితోనే తలపడిన సుబ్బారావు గారికి మనం ఇచ్చే గౌరవం పూలదండతో తీరదు. ఈ సంచిక చదవడం ముగించిన తరువాత, మనసులో దాచుకున్న కడుపు బాధ ఏదైనా ఉంటే ఇంట్లోవారికి చెప్పండి. మర్నాడే ఆసుపత్రికి బయలుదేరండి.

ఆ మహనీయునికి జోహార్లు. సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని ఆకాంక్షిస్తూ సెలవు.